మూటలోకి చీటీయా, సరుకా?

పెన్‌డ్రైవ్ తెరిచాక ఆ పెద్దాయన చాలాసేపు తెర వైపే చూశాడు. "ఊరి పేరైతే ఉంది బిడ్డా. లోపల నా చిట్టీ ఏది?" అని అడిగాడు. ఎడపల్లి అన్న ఫోల్డర్ ఉంది. అందులో ఫైళ్ల పేర్లూ ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఒక్కో ఫైలు వంద బైట్లకు అటూ ఇటూ ఉంది. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే బొమ్మ బదులు ఒకే ఒక వరుస కనిపించింది. అసలు ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే దారి అది. ఆయన చెరకు తూకం చీటీని ఇస్తున్నాననుకొని, అది మా ఇంటి కంప్యూటర్‌లో ఎక్కడుందో చెప్పే చిరునామా చేతిలో పెట్టి వచ్చాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో చదివిందీ, ప్రయోగించి చూసిందీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను కాలువల్లో పారించాకే ఈ నేల చెరకు నేల అయింది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఇదొకటి. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. క్రషింగ్ ఆగినా కాగితాలు మిగిలాయి. కాటా చీటీలు, పేమెంట్ స్లిప్పులు, గుర్తింపు కార్డులు, క్వార్టర్ల ముందు దిగిన ఫోటోలు ఇప్పటికీ రెంజల్, కోటగిరి, వర్ని, ఎడపల్లి ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. వాటిని చెదలు తినకముందే స్కాన్ చేసి దాచాలని కొందరం పూనుకున్నాం.

ఒక కాటా చీటీని ఇద్దరు రెండు దార్లలో వెతుకుతారు. రైతు తన ఊరి పేరుతో వెతుకుతాడు. ఫ్యాక్టరీ చరిత్ర రాసేవాళ్లు సీజను పేరుతో వెతుకుతారు. ప్రతి స్కాన్‌నూ రెండు చోట్ల పెడితే డిస్క్ నిండిపోతుంది. పైగా ఒకచోట దిద్దిన తప్పు రెండోచోట అలాగే ఉండిపోతుంది. అందుకే అసలు ఫైళ్లను సీజన్ల ఫోల్డర్లలో ఉంచి, ఊళ్ల ఫోల్డర్లలో వాటికి సింబాలిక్ లింకులు పెట్టాను. లినక్స్ వాడేవారికి ఇది రోజువారీ పనే. చిక్కంతా వాటిని ఒకే ఆర్కైవ్ ఫైలుగా మూట కట్టేటప్పుడు వచ్చింది.

సింబాలిక్ లింకు యూనిక్స్ లోకానికి 1983లో, బర్కిలీ వారి 4.2 కూర్పుతో వచ్చింది. దానిలో ఉండేది ఒక దారి మాత్రమే. ఎన్ని బైట్ల దారి రాస్తే లింకు పరిమాణం అంతే. ఆ దారి చివర ఫైలు ఉందా లేదా అని లింకు చూసుకోదు. అసలు ఫైలు చెరిపేసినా లింకు నిలిచే ఉంటుంది, గిట్టిపోయిన మనిషి చిరునామాలా. హార్డ్ లింకు సంగతి వేరు. అది ఒకే ఫైలుకు రెండో పేరు, రెండు పేర్లకూ సమాన హక్కు. ఈ వ్యాసంలో గొడవంతా మొదటి రకంతోనే.

ఒక్కో సాధనం ఒక్కో దారి

మూట కట్టే సాధనానికి లింకు ఎదురైతే రెండే దార్లున్నాయి. లింకును లింకుగానే మూటలో పెట్టడం ఒకటి. లింకు వెంట వెళ్లి అసలు సరుకు తెచ్చి పెట్టడం రెండోది. ఏది చేయాలో మనం చెప్పకపోతే సాధనమే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం అన్నిటిలో ఒకటి కాదు. మనం ఎక్కువగా వాడే రెండు సాధనాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు వెళతాయి.

లినక్స్‌లోని గ్నూ టార్ లింకును లింకుగానే ఉంచుతుంది. వెంట వెళ్లమనాలంటే అడ్డగీత పక్కన చిన్న హెచ్ పెట్టాలి, లేదా పొడుగ్గా డీరిఫరెన్స్ అని రాయాలి. జిప్ అందుకు పూర్తి వ్యతిరేకం. ఏమీ చెప్పకపోతే అసలు ఫైలునే తెచ్చి పెడుతుంది. లింకుగా ఉంచమనాలంటే చిన్న వై చేర్చాలి. ఇది వాటి పుట్టుకను బట్టి వచ్చిన తేడా అని నేను అనుకుంటున్నాను. టార్ 1979 నాటి ఏడో యూనిక్స్‌లో టేపుల మీద నకళ్లు తీయడానికి పుట్టింది. ఉన్నదున్నట్టు దాచి, ఉన్నదున్నట్టు తిరిగి పరచడమే దాని ధర్మం. అప్పటికి సింబాలిక్ లింకులు లేకపోయినా హార్డ్ లింకు కోసం హెడర్‌లో చోటుంది. తర్వాత ఆ చోటే కొత్త లింకులకూ ఉపయోగపడింది. జిప్ రూపం 1989లో డాస్ యంత్రాల మధ్య పుట్టింది. అక్కడ లింకులే లేవు. మూట విప్పేవాడి దగ్గర లింకు తెలిసిన యంత్రం ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి సరుకే పెట్టడం దానికి సహజం.

మాక్‌లోనూ, 2018 నుంచి విండోస్ 10లోనూ టార్ పేరుతో ఉండేది బర్కిలీ వంశపు టార్. అది కూడా లింకును లింకుగానే ఉంచుతుంది. కానీ దానికి ఒక మంచి వెసులుబాటు ఉంది. పెద్ద ఎల్ పెడితే ప్రతి లింకు వెంటా వెళుతుంది. పెద్ద హెచ్ పెడితే ఆదేశంలో మనం పేరు పెట్టి చెప్పిన లింకుల వెంట మాత్రమే వెళ్లి, లోపలివాటిని ముట్టుకోదు. సెవెన్-జిప్ దగ్గర జాగ్రత్త పడాలి. లినక్స్‌లో చాలాకాలం నడిచిన పీ-సెవెన్-జిప్ లింకులను లింకులుగానే ఉంచేది, వెంట వెళ్లమనడానికి చిన్న ఎల్ పెట్టాలి. అధికారిక సెవెన్-జిప్‌లో లింకుగా ఉంచమని చెప్పడానికే ఎస్ఎన్ఎల్ అన్న మూడక్షరాల స్విచ్ ఉంది. మీ యంత్రంలో ఉన్నది ఈ రెండిటిలో ఏదో చూడకుండా పాత స్క్రిప్ట్ నడపకండి. ఇక జీజిప్ మూట కట్టదు, ఒక్క ఫైలును కుదిస్తుంది అంతే. దానికి నేరుగా లింకు ఇస్తే "సింబాలిక్ లింకుల అంచెలు మరీ ఎక్కువ" అని అర్థం వచ్చే సందేశం ఇచ్చి ఊరుకుంటుంది. అంచె ఒకటే ఉన్నా అదే మాట. ఆ సందేశం చూసి నేను గంటసేపు లేని వలయం కోసం వెతికాను.

నిండిపోయిన మూట, ఖాళీ మూట

సరుకే తెచ్చుకునే పద్ధతికి మొదటి ఖర్చు బరువు. మా సేకరణలో ప్రతి స్కాన్ సీజన్ల కింద ఒకసారి, ఊళ్ల కింద ఒకసారి కనిపిస్తుంది. మొత్తాన్ని మామూలు జిప్ చేస్తే మూట దాదాపు రెండింతలైంది. ఒకే ఫైలు రెండుసార్లు వస్తే కుదింపులో కలిసిపోదా అని చాలామంది అడుగుతారు. కలిసిపోదు. జిప్ ఏ ఫైలుకా ఫైలును విడిగా కుదిస్తుంది, పక్క ఫైలులో ఏముందో దానికి పట్టదు. టార్ చేసి జీజిప్ చేసినా లాభం లేదు. ఆ కుదింపు వెనక్కి తిరిగి చూడగలిగేది 32 కిలోబైట్ల మేరకే, మన స్కాన్ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఎక్స్‌జడ్ మామూలు స్థాయిలో 8 మెగాబైట్ల వరకు గుర్తుంచుకుంటుంది. జడ్‌స్టాండర్డ్‌కు లాంగ్ అన్న మాట చేరిస్తే 128 మెగాబైట్ల దాకా వెనక్కి చూస్తుంది. సీజన్ల ఫోల్డర్‌కూ ఊళ్ల ఫోల్డర్‌కూ మధ్య అంతకంటే ఎక్కువ దూరం ఉంటే అదీ చాలదు. జేపీజీ బొమ్మలు ముందే కుదించినవి కాబట్టి విడిగా తగ్గేదీ పెద్దగా ఉండదు.

ఒక లింకు తన పై ఫోల్డర్‌నే చూపిస్తుంటే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. వెంట వెళ్లే సాధనం అదే చెట్టును మళ్లీ మళ్లీ దిగుతుంది. ఒక దారిలో 40 లింకులు దాటితే లినక్స్ అడ్డుపడుతుంది కానీ ఆలోగా మూట ఉబ్బిపోతుంది. వెంట వెళ్లమనే ముందు లింకులన్నీ ఎక్కడెక్కడికి చూపిస్తున్నాయో ఒక జాబితా తీసుకోవాలి. ఫైండ్ ఆదేశానికి టైప్ ఎల్, దాని వెనక ఎల్ఎస్ అంటే చాలు.

ఉబ్బిన మూట కంటికి కనిపిస్తుంది. ఖాళీ మూట కనిపించదు, అందుకే దానికి నేను ఎక్కువ భయపడతాను. నిజామాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో లెక్కల ఫోల్డర్ ఉన్న డిస్క్ నిండిపోయింది. ఎవరో ఫోల్డర్‌ను రెండో డిస్క్‌లోకి మార్చి, పాత చోట అదే పేరుతో లింకు పెట్టారు. ప్రోగ్రాములన్నీ ఎప్పటిలా నడిచాయి. ప్రతి రాత్రీ ఆ పేరును టార్ చేసి దాచే స్క్రిప్ట్ కూడా ఎప్పటిలా నడిచింది, ఒక్క తప్పూ చూపలేదు. దాని లెక్క ప్రకారం తప్పు లేదు, అడిగిన పేరు దగ్గర లింకు ఉంది, లింకును దాచింది. ఒక్క లింకు ఉన్న టార్ ఫైలు 10,240 బైట్లు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సున్నాలే, జీజిప్ చేస్తే రెండు వందల బైట్లకు లోపే. రెండో డిస్క్ పోయిన రోజు నన్ను పిలిచారు. వరసగా నెలల తరబడి తేదీలు వేసుకున్న మూటలు, అన్నీ ఒకే సైజు. వాటిలో ఉన్నది ఆ పోయిన డిస్క్ చిరునామా. అక్కడ కూర్చున్న లెక్కల గుమస్తా మొహం నాకింకా గుర్తుంది.

దీనికి మందు చిన్నదే. ఫోల్డర్ పేరు చెప్పకుండా, టార్‌కు పెద్ద సీతో ముందు ఆ ఫోల్డర్ లోపలికి వెళ్లమని చెప్పి, తర్వాత చుక్క పెట్టాలి. చుక్క అంటే ఇప్పుడున్న చోటు. లింకు గుండా లోపలికి వెళ్లాక అక్కడున్నది అసలు ఫోల్డరే. లోపలి లింకులు కూడా చెదరవు. స్క్రిప్ట్ చివర మూట సైజు నిన్నటికంటే బాగా తగ్గితే కేక వేసే ఒక వరుస కూడా చేర్చండి.

మరి ఎప్పుడూ సరుకే పెడితే పోదా? పోదు. 2023లో నిజామాబాద్ ఐటీ టవర్ తెరిచాక ఊళ్లోనే కోడ్ రాసే పిల్లలు నా దగ్గరకు తెచ్చే తగువుల్లో ఇదొకటి. నోడ్ ప్రాజెక్టుల్లో బిన్ ఫోల్డర్ నిండా లింకులుంటాయి. ఒక్కోటి తన ప్యాకేజీ లోపలి ఫైలును చూపిస్తుంది. ఆ ఫైలు తన పక్కనున్న ఇతర ఫైళ్లను పిలుస్తుంది. మామూలు జిప్ చేస్తే లింకు స్థానంలో ఆ ఒక్క ఫైలు నకలు వచ్చి కూర్చుంటుంది. దాని పక్కన ఉండాల్సినవి అక్కడ ఉండవు, నడవదు. మాక్ ఫ్రేమ్‌వర్కుల్లోనూ ఇప్పటి కూర్పును చూపే లింకులుంటాయి. వాటిని సరుకుగా మారిస్తే డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది. కొన్నిచోట్ల లింకే సరుకు.

తెలుగు పేర్ల బరువు

ఆంగ్లంలో రాసిన గైడ్లలో నాకు ఎక్కడా దొరకని సంగతి ఇది. మన ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టుకున్నాం. పెట్టుకోవాలి కూడా, ఆ ఫోల్డర్లు తెరిచేది తెలుగువాళ్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. గుణింతమూ, పొల్లూ విడివిడి గుర్తులే. బోధన్ అంటే 15 బైట్లు, నిజామాబాద్ అంటే 30. పాత యూస్టార్ రూపంలో లింకు చూపే దారికి కేటాయించిన చోటు 100 బైట్లు, అంటే 33 తెలుగు గుర్తులు. నిజామాబాద్ లాంటి పేర్లు మూడు, మధ్యలో గీతలు, చివర ఫైలు పేరు కలిస్తే వంద దాటుతుంది. అప్పుడు టార్ లింకు పేరు మరీ పొడవు, పెట్టడం లేదు అని ఒక వరుస రాసి ముందుకు పోతుంది. పది వేల వరుసల మధ్య ఆ ఒక్క వరుస ఎవరు చూస్తారు? గ్నూ టార్ మామూలుగా వాడే రూపం, 2001 పాజిక్స్ ప్రమాణం తెచ్చిన పాక్స్ రూపం అదనపు హెడర్ పెట్టి ఈ హద్దు దాటుతాయి. తెలుగు పేర్లున్న సేకరణను యూస్టార్‌లో కట్టకండి.

రెండోది మరీ మోసకారి. తెలుగు టైపు చేసే కొన్ని పద్ధతులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విభజన గుర్తును పెడతాయి. శక్కర్‌నగర్ అన్నప్పుడు మధ్యలో అది ఉంటేనే ర, న కలిసిపోకుండా విడిగా కనిపిస్తాయి, అక్కడ దాని అవసరం ఉంది. పదం చివర ఉంటే మాత్రం తెలియదు. బోధన్ 15 బైట్లతోనూ, 18 బైట్లతోనూ అచ్చం ఒకేలా కనిపిస్తుంది. ఫోల్డర్ పేరు ఒకరు ఒక కీబోర్డుతో కొట్టి, లింకు దారి ఇంకొకరు మరో కీబోర్డుతో కొడితే ఆ లింకు పుట్టగానే గిట్టుతుంది. మా దగ్గర ఒక ఊరి లింకులు మొత్తం ఇలాగే పోయాయి. లింకు దారిని ఎప్పుడూ చేత్తో టైపు చేయకుండా ట్యాబ్ కీతో నింపుకోవడం అప్పటినుంచి మా నియమం.

జిప్‌లో ఇంకో మెలిక ఉంది. లింకును లింకుగా ఉంచితే దాని దారి ఫైలు లోపలి విషయంగా, బైట్లు బైట్లుగా దాగుతుంది. ఫైళ్ల పేర్లు మాత్రం పేర్ల పట్టికలో ఉంటాయి. ఇన్ఫో-జిప్‌లో యూనికోడ్ పేర్ల మద్దతు జిప్ 3.0, అన్‌జిప్ 6.0తో 2008, 2009లలో వచ్చింది. అది తెలియని సాధనం పేర్లను గజిబిజి చేసి, దారిని మాత్రం చెక్కుచెదరకుండా విప్పుతుంది. రెండూ కలవవు.

లోపలివి, బయటివి

లింకా సరుకా అన్న ప్రశ్నకు మొత్తం మూటకు కలిపి ఒకే జవాబు ఉండనక్కర్లేదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. లింకు చూపే ఫైలు మూట లోపలే ఉంటే లింకును లింకుగానే ఉంచడం మేలు. అది మూటతో పాటే ప్రయాణిస్తుంది, బరువూ ఉండదు. చూపే ఫైలు మూట బయట ఉంటే సరుకు తెచ్చి పెట్టాలి, లేకపోతే అవతలివాళ్లకు అందేది చిరునామానే. టార్‌కు గానీ జిప్‌కు గానీ ఈ విచక్షణ చెప్పే ఐచ్ఛికం లేదు. నకళ్లు తీసే ఆర్‌సింక్‌కు ఉంది. లింక్స్ అన్న ఐచ్ఛికంతో పాటు కాపీ అన్‌సేఫ్ లింక్స్ అని రాస్తే నకలు తీస్తున్న చెట్టు దాటి బయటికి చూపే లింకుల చోట మాత్రమే అసలు ఫైళ్లు పెడుతుంది, లోపలివాటిని కదపదు. ముందు దానితో ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి నకలు తీసి, ఆ నకలును టార్ చేయండి. రెండు మెట్లు, అదనపు చోటు కావాలి. అయినా ఇప్పటివరకు చూసిన పద్ధతుల్లో నాకు నమ్మకమైనది ఇదే.

లింకు లోపలికి చూపినా అది మూలం నుంచి రాసిన పూర్తి దారి అయితే లాభం లేదు, ఇంకో యంత్రంలో ఆ దారి ఉండదు. ఆర్‌సింక్ అలాంటివాటిని బయటివిగానే లెక్కవేస్తుంది. లింకులు పెట్టేటప్పుడే ఎల్ఎన్ ఆదేశానికి రిలేటివ్ అని చేరిస్తే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు సాపేక్షంగా దారి రాస్తుంది. టార్ ఫైళ్ల పేర్ల ముందున్న మూలపు గీతను తీసేస్తానని చెబుతుంది, నిజంగానే తీసేస్తుంది. సింబాలిక్ లింకు లోపలి దారిని మాత్రం ముట్టదు. ఆ సందేశం చూసి లింకులు కూడా చక్కబడ్డాయనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

పూర్తి దారుల లింకులు పరీక్షను కూడా మోసం చేస్తాయి. మూటను అదే యంత్రంలో పక్క ఫోల్డర్‌లో విప్పి చూస్తే అన్నీ తెరుచుకుంటాయి. అవి తెరుస్తున్నది విప్పిన నకళ్లను కాదు, ఇంకా చోటు మారని అసలు ఫైళ్లను. నేను పెద్దాయనకు ఇచ్చిన మూట మా ఇంట్లో ఈ పరీక్ష నెగ్గింది. ఇప్పుడు వేరే యంత్రంలోనే విప్పుతాను. అది కుదరకపోతే అసలు ఫైళ్లున్న ఫోల్డర్ పేరు మార్చి చూస్తాను. మూట విప్పకుండానే టార్ వివరాల జాబితాలో ఎల్ అక్షరంతో మొదలయ్యే వరుసలు, వాటి బాణపు గుర్తులు చూడవచ్చు. జిప్‌లో ఏవి లింకులో జిప్‌ఇన్ఫో చూపుతుంది. విప్పాక తెగిన లింకులను గ్నూ ఫైండ్‌లో ఎక్స్‌టైప్ ఎల్ అని వెతకాలి.

చేరే చోటు కూడా ముఖ్యం. మన ఊళ్లలో చేతులు మారే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్. వాటిమీద సింబాలిక్ లింకు పుట్టదు. అక్కడ టార్ విప్పితే లింకుల దగ్గర అనుమతి లేదన్న సందేశాలు వస్తాయి. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో విస్టా నుంచి ఇలాంటి లింకులు ఉన్నా, మామూలు వాడుకరికి వాటిని సృష్టించే హక్కు ఉండదు. లింకు అంటే తెలియని సాధనం దాని చోట దారి రాసిన చిన్న పాఠ్య ఫైలు పెడుతుంది. పైథాన్‌లోని జిప్‌ఫైల్ కూడా అంతే. ఎడపల్లిలో జరిగింది అదే.

విప్పేవాడికి ముప్పు

పరాయి మూటలో లింకు వల వేయగలదు. ముందు బయటి ఫోల్డర్‌ను చూపే లింకు, వెనక ఆ లింకు పేరు కింద ఒక ఫైలు పెట్టి పంపితే, అమాయకంగా విప్పే సాధనం ఆ ఫైలును మన ఫోల్డర్ దాటించి రాసేస్తుంది. గ్నూ టార్ దీన్ని తెలివిగా ఆపుతుంది. అనుమానం కలిగించే లింకుల చోట ముందు ఖాళీ ఫైళ్లు పెట్టి, అన్నీ విప్పాక చివర్లో లింకులుగా మారుస్తుంది. పైథాన్ టార్‌ఫైల్‌లో హద్దు దాటి రాయగలిగే లోపం 2007లోనే నమోదైంది. హద్దులు పాటించే వడపోత 3.12 కూర్పుతో వచ్చింది, 3.14లో అదే మామూలు పద్ధతి అయింది. సెవెన్-జిప్ జిప్‌లలోని లింకుల విషయంలో ఇలాంటి లోపాన్ని 2025లో 25.00 కూర్పుతో సరిదిద్దింది. పాతది వాడుతుంటే మార్చుకోండి.

మూడు వారాల తర్వాత ఎడపల్లి వెళ్లాను. ఈసారి రెండు మూటలు కట్టాను. సేకరణ మొత్తం లింకులతో సహా టార్‌లో, ఎక్స్‌జడ్‌తో కుదించి మా దగ్గర రెండు డిస్క్‌లలో ఉంది. అది లినక్స్ తెలిసినవాళ్లు విప్పుకునే మూట. పెద్దాయనకు తెచ్చింది ఆ ఊరి ఫోల్డర్ ఒక్కటే, మామూలు జిప్, లింకుల చోట అసలు స్కాన్‌లు. ఒక్క ఊరిదే కాబట్టి బరువు పెద్ద సమస్య కాలేదు. ఆయన మనవరాలి ల్యాప్‌టాప్‌లో విప్పాం. మొదటి బొమ్మ తెరుచుకోగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇగో, ఇది మా అన్న సంతకం," అంటూ తెర మీద వేలు పెట్టాడు.